తప్పు అందరికీ చేరింది, దిద్దుబాటే చేరలేదు

2024 జూలై 19. మన మిల్టన్‌లో అర్ధరాత్రి 12:09, హైదరాబాద్‌లో ఉదయం 9:39. అప్పుడే క్రౌడ్‌స్ట్రైక్ నుంచి తప్పుడు అప్‌డేట్ ఫైలొకటి బయల్దేరింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు గానీ, అప్పటికే సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. ఇక్కడ టొరంటోలో పోర్టర్ విమానాలు మధ్యాహ్నం దాకా ఆగాయి. అక్కడ శంషాబాద్‌లో ఇండిగో వాళ్ళు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

ఇదే మొదటిసారి కాదండీ. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ 5958 నంబరు అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణంలాంటి ఎస్‌వీసీహోస్ట్ ఫైలునే వైరస్ అనుకుంది. ఆఫీసు కంప్యూటర్లు పదేపదే రీస్టార్ట్ అయ్యాయి, నెట్‌వర్క్ పోయింది.

రెండుసార్లూ చిక్కు ఒకటే. తప్పు ఒకచోటి నుంచి అందరికీ చేరింది. దిద్దుబాటు చేరలేదు, అందుకోవాల్సిన మెషీనే పడిపోయింది కదా! ఐటీ వాళ్ళు ఒక్కో సీటు దగ్గరికీ నడిచారు. 2024లో సేఫ్ మోడ్‌లో ఆ ఫైలు తీసేయాలి. బిట్‌లాకర్ ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి.

"ముందు కొన్ని మెషీన్లకే" అని కన్సోల్‌లో పెట్టుకున్నవాళ్ళూ తప్పించుకోలేదు. ఆ సెట్టింగు ఈ రకం ఫైళ్ళకు వర్తించేది కాదు. మీ ఆఫీసులో అది దేనికి వర్తిస్తుందో అడిగారా? ఆ కీలు ఎక్కడున్నాయో కూడా అడగండి.