పుదుచ్చేరి హైస్కూళ్ళలో ఆరోగ్య సేవలు

పుదుచ్చేరి పట్టణంలో ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా చదివే పిల్లలకు బడిలోనే అందే వైద్య పరీక్షలు, టీకాలు, మాత్రలు, భోజనం, సలహాలు ఒక ఎత్తు. బడిలో చేరడానికి, తప్పిన హాజరుకు సంజాయిషీ ఇవ్వడానికి, పరీక్ష రాయడానికి, ఆటల పోటీల్లో దిగడానికి ఆ పిల్లలను అడిగే వైద్య పత్రాలు మరో ఎత్తు. ఈ రెండింటి చరిత్రా ఈ వ్యాసంలో ఉంది.

ఇక్కడ ఈ చరిత్రకు రెండు వేళ్ళున్నాయి. 1954 నవంబరు 1 దాకా ఊరు ఫ్రాన్సు ఏలుబడిలో ఉండేది. చట్టరీత్యా భారతదేశంలో కలిసింది 1962 ఆగస్టు 16న. ఫ్రెంచివారి తీరులో టీకా కాగితం బడి గడప దగ్గరే చూపించాలి. భారతదేశపు తీరులో టీకా మందే పెట్టెలో పెట్టుకుని నర్సమ్మ బడికి వస్తుంది. ఈ రెండు తీరుల మధ్య పెనుగులాట ఇక్కడ చాలాకాలం సాగింది. 2021లో అది మళ్ళీ ఒకసారి బయటపడింది కూడా.

ఫ్రెంచి కాలం

పుదుచ్చేరిలో వైద్యవిద్యా, ఆధునిక బడీ ఇంచుమించు ఒకేసారి మొదలయ్యాయి. ఫ్రెంచి ప్రభుత్వం 1823లో ఇక్కడ వైద్య పాఠశాల పెట్టింది. మూడేళ్ళకు, 1826లో, కాలేజ్ రాయల్ తెరిచారు. నేటి ఫ్రెంచి లిసే (హైస్కూలు) అదే. 1844లో పెతి సెమినేర్, 1877లో కల్వే కళాశాల వచ్చాయి. వైద్య పాఠశాల ఊరి నడుమ, ప్రభుత్వ చౌకు ఎదురుగానే ఉండేది. డాక్టర్లను తయారుచేసే చోటుకూ పిల్లలు చదివే చోటుకూ నడక దూరమే.

ఫ్రాన్సులో బడిపిల్లల వైద్య తనిఖీ 1886 నాటి గోబ్లే చట్టంతోనే విద్యాశాఖ పనుల్లో చేరింది. 1902 ఫిబ్రవరి 15 చట్టం మశూచి టీకాను ఏడాదిలోపు ఒకసారి, పదకొండో ఏట ఒకసారి, ఇరవై ఒకటో ఏట ఒకసారి తప్పనిసరి చేసింది. పదకొండో ఏడంటే హైస్కూలు మెట్టెక్కే వయసు. 1938లో కంఠసర్పి, 1940లో ధనుర్వాతం, 1950లో క్షయకు వేసే బీసీజీ టీకాలు ఆ జాబితాలో చేరాయి. 1945 అక్టోబరు 18 నాటి ఆర్డినెన్సు బడి ఆరోగ్యానికి విడిగా ఒక సేవనే ఏర్పాటు చేసింది. అయితే మాతృదేశంలో చేసిన చట్టం వలసల్లో దానంతట అది అమలయ్యేది కాదు, విడిగా ఉత్తర్వు రావాలి. అందుకని పారిస్ చట్టాలన్నీ పుదుచ్చేరి పిల్లల భుజాల మీద పడ్డాయనుకోకూడదు.

ఫ్రెంచివారు వదిలివెళ్ళినవాటిలో నిజంగా పిల్లల కడుపు దాకా చేరింది మధ్యాహ్న భోజనం. 1930లోనే ఇక్కడి బడుల్లో అది మొదలైంది. 1920ల్లో మద్రాసు నగరపాలక సంస్థ మొదలుపెట్టిన భోజనం తర్వాత, దేశంలో ఈ విషయంలో తొలి పేర్లలో పుదుచ్చేరి ఒకటి. బడి ఆరోగ్యం గురించి రాసేవాళ్ళు సాధారణంగా డాక్టరుతో మొదలుపెడతారు. ఈ ఊరి వరకైతే వంటమనిషితో మొదలుపెట్టడం న్యాయం. తర్వాతి కాలంలో పుదుచ్చేరి ప్రభుత్వం రాజీవ్ గాంధీ పేరిట బడిపిల్లలకు ఉదయంపూట వేడి పాలు ఇచ్చే పథకాన్ని కూడా దీనికి చేర్చింది.

ఆ రోజుల్లో సరిహద్దు అవతలి బ్రిటిష్ ఇండియా పరిస్థితి మెరుగ్గా ఏమీ లేదు. దేశంలో బడిపిల్లలకు తొలి వైద్య పరీక్షలు 1909లో బరోడాలో జరిగాయి, అదీ ఒక సంస్థానంలో. 1946లో దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించిన భోర్ కమిటీ బడి ఆరోగ్య సేవలు దాదాపు లేనట్టేనని తేల్చేసింది.

విలీనం తర్వాత

1956 నవంబరులో అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ పాత ఫ్రెంచి వైద్య పాఠశాల స్థానంలో కొత్త వైద్య కళాశాలను ప్రారంభించారు. దానికి ధన్వంతరి పేరు పెట్టారు. తర్వాత అది ఊరి చివర గోరిమేడుకు మారి, 1964 జూలైలో జవహర్‌లాల్ పేరుతో పోస్టుగ్రాడ్యుయేట్ సంస్థ అయింది. జిప్‌మర్ అంటే ఇప్పుడు దక్షిణాదిలో తెలియనివారు తక్కువ. సముద్రపుటొడ్డున కురుసుకుప్పంలో పట్టణ ఆరోగ్య కేంద్రం, రామనాథపురంలో గ్రామీణ ఆరోగ్య కేంద్రం నడుపుతూ దీని సామాజిక వైద్య విభాగం చుట్టుపక్కల ఇళ్ళకూ బడులకూ దగ్గరయింది. పుదుచ్చేరి బడిపిల్లల చూపు, దంతాలు, రక్తహీనత, బరువు గురించి వచ్చిన అధ్యయనాల్లో చాలావాటి వెనక ఇక్కడి వైద్య కళాశాలల విద్యార్థులే ఉంటారు. చిన్న ఊళ్ళో పెద్దాసుపత్రి ఉంటే ఒరిగే మేలు ఇదే. పిల్లలకు తరచు పరీక్షలు జరుగుతాయి. అలాగని పరీక్షించిన ప్రతిసారీ వైద్యం కూడా జరిగిందనుకోకూడదు.

దేశం మొత్తానికి వస్తే, 1960లో రేణుకా రే అధ్యక్షతన బడి ఆరోగ్య కమిటీ ఏర్పడి మరుసటి ఏడు నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు పథకాల పేర్లు మారాయే తప్ప పెద్దగా జరిగింది లేదు.

ఈ ఊరికి ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది, బోదకాలు. మురుగుకాలువల్లో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోస్తుంది. 1975లో భారత వైద్య పరిశోధన మండలి దోమల మీద పరిశోధనకు వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌ను పుదుచ్చేరిలో పెట్టడం యాదృచ్ఛికం కాదు. 1981 నుంచి అయిదేళ్ళపాటు పట్టణమంతటా దోమల నియంత్రణను ఒక ప్రదర్శనలా నడిపి చూపించింది ఈ సంస్థే. బడి డాక్టరుకు ఈ జబ్బుతో ఒక చిక్కుంది. బోదకాలు సూక్ష్మక్రిములు రాత్రిపూట మాత్రమే పైరక్తంలోకి వస్తాయి. పగలు బడిలో పిల్లవాడి వేలు గుచ్చి చూస్తే ఏమీ కనబడదు. అందుకే రక్తం తీసేవాళ్ళు రాత్రి తొమ్మిదీ పదీ దాటాక ఇళ్ళకు వెళ్ళాల్సి వచ్చేది. బడిలోనే అన్నీ కనిపెట్టేయవచ్చనే నమ్మకానికి ఇది మంచి విరుగుడు.

ఇదే పట్టణంలో వేరే దారి తొక్కిన బడి శ్రీ అరవింద ఆశ్రమానిది. 1943 డిసెంబరు 2న ఆశ్రమాన్ని నడిపిన శ్రీమాత (మదర్) ఆరంభించిన ఆ బడిలో ఆరోగ్యం డాక్టరు గదిలో కాక ఆటస్థలంలో మొదలవుతుంది. అక్కడ వ్యాయామం చదువులో భాగం. ఏటా డిసెంబరు 2న పిల్లలు వ్యాయామ ప్రదర్శన ఇస్తారు.

టీకా: అడగడమా, తప్పనిసరి చేయడమా

పెద్దవాళ్ళ భుజం మీద రూపాయి బిళ్ళంత మచ్చ మశూచి టీకా గుర్తు. 1975 మే తర్వాత భారతదేశంలో మశూచి కేసు రాలేదు. 1980లో ప్రపంచమే ఆ జబ్బు నుంచి బయటపడిందని ప్రకటించారు. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టే ఇళ్ళలో ఆ తర్వాత మిగిలింది ఆటలమ్మే. బీసీజీ మాటకొస్తే ఆ చరిత్రలో తెలుగువారి ఊరుంది. 1948లో దేశంలో బీసీజీ తొలి ప్రయత్నాలు జరిగిన చోట్లలో మదనపల్లె ఒకటి.

హైస్కూలు వయసుకు ఇప్పుడు జాతీయ టీకా పట్టికలో ఉన్నది టీడీ, అంటే ధనుర్వాతానికీ కంఠసర్పికీ కలిపి వేసేది. పదో ఏట ఒకటి, పదహారో ఏట ఒకటి. మామూలుగా నర్సు (ఏఎన్ఎమ్) బడికే వచ్చి వేస్తుంది.

బడుల్లో అన్నిటికంటే పెద్ద టీకా కార్యక్రమం జరిగింది 2017 ఫిబ్రవరిలో. తట్టు, రుబెల్లా కలిపిన టీకాను దేశంలో తొలివిడతగా అయిదు చోట్ల మొదలుపెట్టారు: కర్ణాటక, తమిళనాడు, గోవా, లక్షద్వీప్, పుదుచ్చేరి. తొమ్మిది నెలల పసిపాప నుంచి పదిహేనేళ్ళలోపు పిల్లల దాకా, ఇదివరకు వేయించుకున్నా సరే, మరో మోతాదు. వాట్సాప్‌లో పుకార్లు లేచాయి. తమిళనాట చాలామంది తల్లిదండ్రులు ఆ రోజు పిల్లల్ని బడి మాన్పించారు. పిల్లవాడికి సూది వేసేది నర్సే అయినా, అమ్మానాన్నలను ఒప్పించాల్సింది క్లాసు టీచరేనని అందరికీ అర్థమైంది అప్పుడే.

ఇక బలవంతం సంగతి. 2021 డిసెంబరులో పుదుచ్చేరి ప్రభుత్వం తన 1973 నాటి ప్రజారోగ్య చట్టాన్ని బయటికి తీసి, కోవిడ్ టీకా అందరికీ తప్పనిసరి అని ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి దేశంలో మరే ప్రభుత్వమూ అంత సూటిగా అనలేదు. నెల తిరిగేసరికి, 2022 జనవరి 3 నుంచి, 15–17 ఏళ్ళవారికి కోవాక్సిన్, మార్చి 16 నుంచి 12–14 ఏళ్ళవారికి కార్బెవాక్స్ మొదలయ్యాయి. హైస్కూలు పిల్లలు దాదాపు అందరూ ఈ లెక్కలోకి వచ్చేశారు. ఆ ఏడు మే 2న సుప్రీంకోర్టు ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని తీర్పిచ్చింది. బడిలో చేరడానికి టీకాలు పూర్తయి ఉండాలనే జాతీయ చట్టం భారతదేశంలో లేదు. ఫ్రాన్సులో మాత్రం 2018 నుంచి పుట్టిన పిల్లలకు 11 టీకాలు తప్పనిసరి చేశారు.

ఇప్పటి తీరు

నేటి బడి ఆరోగ్య సేవకు వెన్నెముక 2013 ఫిబ్రవరిలో దేశమంతటికీ వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాల కొరత, జబ్బులు, ఎదుగుదలలో జాప్యం అనే నాలుగు తరగతుల కింద 30 రకాల సమస్యలను వెతకాలి. మార్గదర్శకాల ప్రకారం సంచార బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, వారిలో ఒకరు మహిళ, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు ఉంటారు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో పన్నెండో తరగతి దాకా ఏడాదికి ఒకసారైనా రావాలి. ప్రైవేటు బడులు దీని పరిధిలో లేవు. పట్టణంలో ప్రైవేటు బడుల సంఖ్యను బట్టి చూస్తే ఇది చిన్న ఖాళీ కాదు. తెలుగు పాఠకులకు దీని తొలిరూపం పరిచితమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 నవంబరు 14న మొదలైన జవహర్ బాల ఆరోగ్య రక్ష ఇలాంటిదే.

ఈ సేవల్లో రెండోది రక్తహీనత రాకుండా వారానికో నీలిరంగు మాత్ర. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశవ్యాప్తంగా 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం, మగపిల్లల్లో 31.1 శాతం రక్తహీనతతో ఉన్నారు. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది కాబట్టి భోజనం తర్వాత, టీచరు కళ్ళెదుట మింగాలని నియమం. బడిలో మధ్యాహ్న భోజనం ఉండటం ఇక్కడ కలిసివచ్చింది. పంచిన మాత్రల లెక్క రిజిస్టరులో తేలిగ్గానే దొరుకుతుంది, మింగిన మాత్రల లెక్క టీచరు మనస్సాక్షి మీద ఆధారపడి ఉంటుంది. నులిపురుగులకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇస్తారు.

కంటి పరీక్షకు టీచరు, గోడ మీద అక్షరాల చార్టు, ఆరు మీటర్ల దూరం ఉంటే చాలు. వెనక బెంచీలో కూర్చుని బోర్డు కనబడక మార్కులు పోగొట్టుకునే పిల్లవాణ్ణి మొద్దు అని తిట్టే ముందు చేయాల్సిన పని అది. కళ్ళజోడు అవసరమని తేలితే చూడటానికి పట్టణంలో జిప్‌మర్, ఇందిరాగాంధీ ప్రభుత్వ ఆసుపత్రి, 2003 నుంచి తవలకుప్పంలో అరవింద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో కంటి వెలుగు చేసిన పని ఇక్కడ ఇలా విడివిడిగా జరుగుతుంది.

బడి గేటు బయట ఏం అమ్ముతున్నారన్నదీ ఆరోగ్య విషయమే. 2003 చట్టం ప్రకారం విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదు. 2020 నాటి ఆహార భద్రతా నియమాల ప్రకారం గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి పనికిరాదు. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలో అమ్మే పీచుమిఠాయిలో రోడమిన్-బి అనే బట్టల రంగు బయటపడింది. అప్పటి లెఫ్టినెంట్ గవర్నరు తమిళిసై సౌందరరాజన్ అమ్మకాలు నిషేధించారు. అప్పుడు తెలంగాణ గవర్నరు కూడా ఆవిడే, వృత్తిరీత్యా డాక్టరు.

అంటుజ్వరాలు వచ్చినప్పుడు ప్రభుత్వం చేతిలో ఉన్న ఆఖరి మందు సెలవు. 2022 సెప్టెంబరులోనూ, ఇన్‌ఫ్లుయెంజా ఎక్కువైన 2023 మార్చి 16 నుంచి 26 దాకానూ ఎనిమిదో తరగతి వరకు బడులు మూసేశారు. తొమ్మిది నుంచి పైవాళ్ళు పరీక్షల దృష్ట్యా వస్తూనే ఉన్నారు.

బడి అడిగే కాగితాలు

పుదుచ్చేరికి సొంత పరీక్షల బోర్డు లేదు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు బోర్డును, మాహే కేరళను, యానాం ఆంధ్రప్రదేశ్‌ను అనుసరించేవి. ఇటీవలి సంవత్సరాల్లో ప్రభుత్వ బడులు సీబీఎస్ఈకి మారాయి. దాంతో వైద్య పత్రాల నియమాలూ మారాయి. బోర్డు పరీక్షకు 75 శాతం హాజరు ఉండాలి. జబ్బుతో అది తగ్గితే ప్రభుత్వ వైద్యుడి సర్టిఫికెట్ వంటి పత్రాలు జతచేసి మినహాయింపు కోరాలి. పరీక్ష నెలలో కాక, జబ్బు పడ్డప్పుడే ఆసుపత్రి చీటీ దాచుకోవడం ఉత్తమం. వైకల్యమున్న పిల్లలు రాసిపెట్టే సహాయకుణ్ణి, అదనపు సమయాన్ని పొందడానికి 2016 చట్టం కింద వైకల్య ధ్రువపత్రం చూపాలి. సీబీఎస్ఈలో 2018 నుంచి 9–12 తరగతులకు ఆరోగ్య, వ్యాయామ విద్య కూడా తప్పనిసరి అయింది.

యానాం

ఈ కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగు బడులున్నది యానాంలో. రాజధాని పుదుచ్చేరికి దాదాపు 870 కిలోమీటర్ల దూరం. పథకం పేరు, ఉత్తర్వు, మాత్రల లెక్క రాసే ఫారం అక్కడి నుంచి రావాలి. యానాం పిల్లలకు పెద్ద వైద్యం అవసరమైతే మాత్రం పక్కనే, వేరే రాష్ట్రంలో ఉన్న కాకినాడే దగ్గర. పాలన హద్దులు బడిపిల్లల ఆరోగ్యానికి ఎంత ఎడంగా ఉండగలవో చూపడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

మనసు

బడి ఆరోగ్య సేవ అన్నిటికంటే ఆలస్యంగా చూపు మళ్ళించింది ఇటువైపే. జాతీయ నేర గణాంకాల సంస్థ 2015 లెక్కల్లో ఆత్మహత్యల రేటులో పుదుచ్చేరి దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. దేశంలో లక్ష జనాభాకు సగటు 10.6 అయితే ఇక్కడ 43.2. ఆ లెక్కలో అన్ని వయసులవారూ ఉన్నారు. అయినా ఇలాంటి ఊళ్ళో హైస్కూలు పిల్లల మాట వినే మనిషి బడిలో ఉండటం విలాసం కాదు. 2020 ఫిబ్రవరిలో వచ్చిన ఆయుష్మాన్ భారత్ బడి ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇవ్వాలని చెప్పి, పదకొండు పాఠ్యాంశాల్లో మానసిక ఆరోగ్యాన్ని చేర్చింది. లెక్కలు చెప్పే టీచరు వారానికి ఒక గంట ఆ పని కూడా చేయాలి. ఆయన బడి కౌన్సెలరుకు ప్రత్యామ్నాయం కాలేడు. 2022 అక్టోబరు 10 నుంచి టెలీ మానస్ 14416 నంబరు పనిచేస్తోంది. ఏ వేళలోనైనా పిల్లలే నేరుగా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. తమిళంలో మాట్లాడతారు, తెలుగులోనూ మాట్లాడతారు.