పల్నాడు నేపథ్యంలో పాఠశాల వృత్తివిద్య: చేతిపని, కులం, పదజాలం

ప్రభుత్వ పాఠశాలలలో సాంకేతిక విద్య చరిత్రను విద్యాసంఘాల నివేదికల వరుసగా చెప్పడం పరిపాటి. పల్నాడు వంటి ప్రాంతం నుంచి పరిశీలిస్తే ఆ చరిత్ర ఒక ప్రశ్న చుట్టూ తిరిగినట్లు కనిపిస్తుంది. చేతిపనిని బడికి తేవడమంటే బిడ్డను తండ్రి వృత్తికి కట్టివేయడమా, ఆ వృత్తిలోని జ్ఞానాన్ని అందరికీ అందుబాటులోకి తేవడమా?

1937 నాటి వార్ధా పథకం రెండో మార్గాన్ని ఆశించింది. ఏదో ఒక చేతిపనిని కేంద్రంగా చేసుకొని ఇతర పాఠ్యాంశాలను బోధించాలన్నది దాని సారాంశం. 1953లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్ర గ్రామీణ ప్రాంతాలలో ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యాపథకం మొదటి మార్గాన్ని పట్టింది. బడి ఒక పూటకే పరిమితమైంది. రెండో పూట పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. పల్నాడు అప్పటికి ఆ రాష్ట్రంలోని గుంటూరు జిల్లాలో భాగం. ‘కులవిద్య’ అన్న తీవ్ర విమర్శకు గురైన ఈ పథకాన్ని 1954లో కామరాజ్ ప్రభుత్వం మద్రాసులో ఉపసంహరించింది. పథకం పోయినా, వృత్తివిద్య అనగానే కులాన్ని శంకించే స్థితి మిగిలింది. ఆ శంక నిరాధారమైనది కాదు.

1952–53 నాటి మొదలియార్ సంఘం సాంకేతిక, వ్యవసాయ శాఖలుగల బహుళార్థసాధక పాఠశాలలను సిఫారసు చేసింది. ఆ సిఫారసులు చర్చలో ఉన్న కాలంలోనే, 1955 డిసెంబరు 10న, మాచర్లకు సమీపంలో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న జాతికి అంకితమైన ఆ రాతికట్టడం ఎత్తు సుమారు 124 మీటర్లు. రాయి ఎంపిక, చెక్కడం, పేర్చడం, సున్నితమైన కొలతలు మేస్త్రీలు, కూలీల చేతులలో ఉన్న విద్య. అది పనిస్థలంలోనే ఒకరి నుంచి మరొకరికి సంక్రమించింది.

తరవాతి చరిత్రలో లక్ష్యాలు పదేపదే మారాయి. కొఠారీ సంఘం (1964–66) ‘పని అనుభవం’ అన్న భావనను ముందుకు తెచ్చింది. 1986 జాతీయ విద్యావిధానం ఉన్నత మాధ్యమిక దశలో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం విద్యార్థులను వృత్తివిద్యలోకి తేవాలన్నది. 2020 విధానం 2025 నాటికి కనీసం 50 శాతం మందికి వృత్తివిద్యా పరిచయం కావాలన్నది. శాతాలు పెరిగాయి గాని, సామాన్య విద్యకు తరువాతిదన్న హోదా ఆ విద్యను వీడలేదు.

ఈ సందర్భంలో తెలుగు పరిశోధనకు సంబంధించిన ఒక కృషి గమనార్హం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలను రాష్ట్రవ్యాప్తంగా సేకరించింది. ఆ వరుసలోనే బూదరాజు రాధాకృష్ణ వాస్తు పదాలను కూర్చారు. ఒక పనిముట్టులోని ప్రతి భాగానికీ, పనిలోని ప్రతి దశకూ వేరువేరు పేర్లుండడం వృత్తులలో శాస్త్రీయమైన విభజన ఉందనడానికి సాక్ష్యం. కోశంలో చేరిన పదం ఏ ఒక్క కులానిదీ కాదు, చదివే ప్రతివారిదీ.

వృత్తిజ్ఞానాన్ని స్వీకరించి, జన్మతో దానికున్న ముడిని విప్పడం కోశం చేసిన పని. 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన పల్నాడులో బడి చేయవలసిన పని కూడా అదే.