మారథాన్‌కు ముందు మూడు వారాలు

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. ఉద్యోగం చేసుకుంటూ దానికి సిద్ధమయ్యే ఔత్సాహిక రన్నర్ సాధారణంగా పందేనికి మూడు వారాల ముందు ముప్పై, ముప్పై రెండు కిలోమీటర్ల ఆఖరి లాంగ్ రన్ ముగిస్తాడు. అక్కడి నుంచి దూరం తగ్గించుకుంటూ వస్తాడు. రన్నర్లు దీన్ని టేపరింగ్ అంటారు. చివరి రెండు మూడు రోజులు అన్నమో, బ్రెడ్డో, పాస్తానో మామూలుకన్నా ఎక్కువ తింటాడు. ఇప్పుడు ఏ శిక్షణ పట్టిక తీసినా ఇదే కనిపిస్తుంది. కానీ పరుగు తగ్గిస్తే బలం తగ్గుతుందన్న భయం పోవడానికి నూరేళ్లు దాటింది.

పాత పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. 1809లో ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్‌లో కెప్టెన్ బార్క్లే గంటకో మైలు చొప్పున వెయ్యి గంటల్లో వెయ్యి మైళ్లు నడిచి పందెం గెలిచాడు. అప్పటి శిక్షణను వాల్టర్ థామ్ 1813లో ఒక పుస్తకంలో వివరంగా రాశాడు. మొదట గ్లాబర్ లవణంతో విరేచనాలు చేయించేవారు. తర్వాత ఒంటినిండా ఫ్లానెల్ బట్టలు తొడిగి నాలుగు మైళ్లు పరుగెత్తించి, వేడి కషాయం తాగించి, దుప్పట్లు కప్పి చెమటలు పట్టించేవారు. తిండి గొడ్డుమాంసం, పొట్టేలు మాంసం, నిల్వ రొట్టె. కూరగాయలు కూడదు. మంచినీళ్లకు బదులు పాత బీరు. ఒంట్లోని చెడు నీరు పోతేనే బలం వస్తుందన్న నమ్మకం అలాంటిది. ఇందులో కొన్ని అలవాట్లు, ముఖ్యంగా నీళ్లంటే అనుమానం, మారథాన్ పుట్టాక కూడా చాలాకాలం బతికాయి.

1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌తో మారథాన్ మొదలైంది. దూరం అప్పట్లో సుమారు 40 కిలోమీటర్లు. గ్రీకులు తమ జట్టును ఎంచుకోవడానికి అసలు పందేనికి ముందు అదే దారిలో ఎంపిక పరుగులు పెట్టారు. మరూసికి చెందిన నీళ్లు మోసే స్పిరిడాన్ లూయిస్ రెండో ఎంపిక పరుగులో అయిదో స్థానంలో వచ్చాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే, ఏప్రిల్ 10న, 2 గంటల 58 నిమిషాల 50 సెకన్లలో అసలు పందెం గెలిచాడు. అంత దగ్గర్లో మళ్లీ పూర్తి దూరం పరుగెత్తమంటే ఇప్పటి కోచ్ ఎవరూ ఒప్పుకోరు. లూయిస్ గెలిచాడు కాబట్టి అప్పట్లో ఎవరికీ తప్పు కనిపించలేదు.

ఆ తరం ఛాంపియన్లూ ఔత్సాహికులే. పరుగులో డబ్బు తీసుకోకూడదన్నది నియమం. బోస్టన్ మారథాన్‌ను ఏడుసార్లు గెలిచిన క్లారెన్స్ డిమార్ ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని చేసేవాడు. ఇంటి నుంచి పనికీ, పని నుంచి ఇంటికీ పరుగెత్తడమే అతని శిక్షణ. డిమార్ గెలిచిన 1924 బోస్టన్ పందెంలో శామ్యూల్ లెవీన్ అనే వైద్యుడి బృందం గమ్యం చేరిన రన్నర్ల రక్తాన్ని పరీక్షించింది. డీలాపడి వచ్చిన వాళ్లలో చక్కెర బాగా పడిపోయి ఉంది. మరుసటి ఏడు కొందరు రన్నర్ల చేత పందేనికి ముందు పిండిపదార్థాలు ఎక్కువగా తినిపించి, దారిలో మిఠాయి ఇచ్చి చూశారు. రక్తంలో చక్కెర నిలిచింది, మనుషులూ నిలదొక్కుకున్నారు. అంత తేలికైన సంగతిని పరుగు లోకం నలభై ఏళ్లు పక్కన పెట్టేయడం విచిత్రమే.

విశ్రాంతి విలువ బయటపడింది మాత్రం ఒక జబ్బు వల్ల. రోజూ కఠోర సాధన చేసే చెక్ వీరుడు ఎమిల్ జాటోపెక్ 1950లో బ్రసెల్స్ యూరోపియన్ పోటీలకు ముందు ఆహారం వికటించి ఆసుపత్రి పాలయ్యాడు. మంచం దిగి వెళ్లి 5,000, 10,000 మీటర్లు రెండూ భారీ తేడాతో గెలిచాడు. బలవంతపు విశ్రాంతి మేలు చేసిందని కోచ్‌లు ఇప్పటికీ ఈ కథ చెబుతారు. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదు గానీ ప్రశ్న మాత్రం లేచింది. న్యూజిలాండ్‌లో చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసిన ఆర్థర్ లిడియార్డ్ దాన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. అతని శిష్యులు వారానికి వంద మైళ్లు పరుగెత్తేవారు, ఆదివారం వైటరువా కొండల్లో 22 మైళ్లు. ఆ తర్వాత వేగం పెంచే దశ, చివర శరీరాన్ని తేలికపరిచే దశ. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అతని శిష్యులు స్నెల్, హాల్‌బర్గ్ స్వర్ణాలు, మారథాన్‌లో బారీ మెగీ కాంస్యం తేవడంతో ఈ క్రమం ప్రపంచమంతా పాకింది.

తిండి సంగతి తేల్చింది స్వీడన్. 1966లో యోనాస్ బెర్గ్‌స్ట్రామ్, ఎరిక్ హల్ట్‌మన్ ఒకే వ్యాయామ సైకిల్‌కు చెరోవైపు కూర్చుని, ఒక్కో కాలితో అలసిపోయేదాకా తొక్కారు. రెండో కాలు కదపలేదు. ఆ తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలే తిన్నారు. రోజూ తొడలో సూది దింపి కండ ముక్క తీసి, కండలో నిల్వ ఉండే చక్కెర రూపమైన గ్లైకోజెన్ కొలిచారు. తొక్కిన కాలిలో అది మామూలు మట్టాన్ని దాటి ఎంతో పైకి పోయింది, విశ్రాంతిగా ఉన్న కాలిలో అంతగా మార్పు లేదు. ఖాళీ చేసిన కండే ఎక్కువ నింపుకుంటుందని తేలింది.

దాన్ని పందెంలోకి తెచ్చినవాడు ఇంగ్లండ్‌కు చెందిన రాన్ హిల్. అతనూ ఉద్యోగే, జౌళి రసాయన శాస్త్రవేత్త. వారం ముందు గట్టిగా పరుగెత్తి, మూడు రోజులు మాంసం, కొవ్వు తిని, చివరి మూడు రోజులు పిండిపదార్థాలు తినే పద్ధతితో 1969లో ఏథెన్స్ యూరోపియన్ మారథాన్‌కు దిగాడు. ముందున్న బెల్జియం వీరుడు గాస్టన్ రోలాంట్స్‌ను ఆఖర్లో దాటేసి గెలిచాడు. అంతే, ఊరూరా రన్నర్లు అదే మొదలుపెట్టారు. అయితే మొదటి మూడు రోజులు నరకం: నీరసం, చిరాకు, కాళ్లలో బరువు. 1981లో అమెరికాలో షెర్మన్, కాస్టిల్ బృందం ఆ కడుపుమాడ్పు అక్కర్లేదని చూపింది. పరుగు తగ్గించి చివరి మూడు రోజులు పిండిపదార్థాలు పెంచినా గ్లైకోజెన్ దాదాపు అంతే చేరుతుంది.

సరిగ్గా ఆ ఏళ్లలోనే మారథాన్ సామాన్యుల చేతికి వచ్చింది. 1970లో న్యూయార్క్ మారథాన్‌కు 127 మంది బయల్దేరితే 55 మంది చేరారు. 1981లో లండన్ మారథాన్ మొదలైంది. వేలమంది కొత్తవాళ్లకు చివరి వారాలు కొత్త సమస్య తెచ్చాయి. పరుగు తగ్గగానే లేని మోకాలి నొప్పి ఉన్నట్టనిపిస్తుంది, తుమ్మినా జ్వరమేమోనన్న భయం. చేసింది చాల్లేదని చివరి వారంలో ఇంకో లాంగ్ రన్ వేసి పందెం పోగొట్టుకున్నవాళ్లకు లెక్కలేదు. 1984లో జోన్ బెనాయిట్ మోకాలికి శస్త్రచికిత్స చేయించుకుని పదిహేడు రోజులకే అమెరికా ఒలింపిక్ ఎంపిక పరుగు గెలిచింది. అప్పటిదాకా చేసిన సాధన రెండు మూడు వారాల్లో కరిగిపోదనడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ దొరకదు.

ఎంత తగ్గించాలన్నదానికి 2007లో బోస్కే బృందం అంతకుముందు వచ్చిన పరిశోధనలను కలిపి లెక్కగట్టింది. రెండు వారాల పాటు దూరాన్ని 41 నుంచి 60 శాతం తగ్గించి, వేగాన్ని మాత్రం తగ్గించకుండా ఉంచితే ఫలితం ఎక్కువ. అంటే కాళ్లు చాపుకుని పడుకోవడం కాదు, తక్కువ దూరం మామూలు చురుకుతోనే పరుగెత్తడం. 2021లో డబ్లిన్ పరిశోధకులు 1,58,000 మందికి పైగా ఔత్సాహికుల పరుగు రికార్డులు పరిశీలించారు. మూడు వారాలు క్రమం తప్పకుండా తగ్గించినవాళ్లు, దాదాపుగా తగ్గించనివాళ్లకంటే సుమారు అయిదున్నర నిమిషాలు ముందు చేరారు. లాభం ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ.

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది కాబట్టి ఇక్కడి రన్నర్లకు ఈ మూడు వారాలూ వానాకాలంలో, ఉక్కపోతలో పడతాయి. చెమట ఎక్కువ కాబట్టి నీళ్లతోపాటు ఉప్పు కూడా చూసుకోవాలి. తిండికి కొత్త వంటకాలు వెతకనక్కర్లేదు: రోజూ తినే అన్నం, ఇడ్లీ, ఉప్మాయే కాస్త పెంచి, నూనె, కారం, పీచు ఎక్కువున్న కూరలు తగ్గిస్తే సరిపోతుంది. పందెం ముందురోజు కొత్త తిండి, కొత్త బూట్లు రెండూ ముట్టుకోకూడదన్నది అన్ని రన్నింగ్ క్లబ్బుల్లోనూ పాతవాళ్లు కొత్తవాళ్లకు చెప్పే మాట.