వీరగున్నమ్మ: మందస రైతు పోరాటంలో వ్యక్తి – సమాజం

ఉపోద్ఘాతం: వ్యక్తికీ సమాజానికీ గల సంబంధాన్ని చరిత్ర, న్యాయశాస్త్రం, సామాజికశాస్త్రం వేర్వేరుగా నిర్వచిస్తాయి. ఒకే సంఘటనను ఈ మూడు దృష్టులతోనూ చూచినప్పుడు ఆ నిర్వచనాల బలమూ పరిమితీ తెలుస్తాయి. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో జరిగిన పోలీసు కాల్పులను ఆ విధంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

చారిత్రక నేపథ్యం: పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతం నాడు విశాఖపట్నం జిల్లాలోనిది. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం సాగుభూమిపై రైతు హక్కును గుర్తించినా, జమీందారీ పెత్తనం తొలగలేదు. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం 1938లో నివేదిక సమర్పించింది. ఆ సిఫారసులు చట్టరూపం దాల్చలేదు. 1940 మార్చి చివర అఖిల భారత కిసాన్ సభ పలాసలో జరిగింది. అధ్యక్షుడుగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్ అరెస్టు కారణంగా హాజరు కాలేకపోయాడు. కొద్దిరోజులకే మందసలో అడవి తగాదా తీవ్రమైంది.

నేరమా, హక్కా: అడవి నుంచి కలప తెచ్చుకోవడం జమీందారు దృష్టిలో దొంగతనం, అది ఫలానా వ్యక్తి చేసిన నేరం. రైతుల దృష్టిలో అది ఊరందరి అనుభవంలో ఉన్న హక్కు. పోలీసులు నిందితులను పట్టుకొనడానికి వచ్చారు. వారికి ఎదురైనది ఊరు. ముందు నిలిచిన సాసుమాన గున్నమ్మతో కలిపి అయిదుగురు కాల్పుల్లో మరణించారు. చట్టం వ్యక్తులను విడదీసి చూడగా, ఊరు తనను ఒక్కటిగా చూచుకొన్నది.

స్మృతిలో వ్యక్తి: వ్యక్తి జ్ఞాపకం సైతం సామాజిక చట్రాల్లోనే రూపొందుతుందని మోరిస్ హాల్బ్వాక్స్ 1925లో ప్రతిపాదించాడు. ఇంటిపేరు మరుగునపడి, ప్రజలిచ్చిన ‘వీర’ శబ్దం గున్నమ్మ పేరుకు ముందు చేరడం ఇందుకు నిదర్శనం. అయితే మరణించినవారు అయిదుగురు కాగా, తరచుగా వినిపించేది ఒక్క పేరే. సమాజం ఒక వ్యక్తిని ఎత్తి నిలిపినప్పుడు తక్కినవారు ఆమె నీడలోకి వెళ్తారు.

ముగింపు: 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. గున్నమ్మను ఒంటరి వీరనారిగా మాత్రమే చిత్రిస్తే, కలపను వ్యక్తిగత నేరంగా చూచిన దృష్టికే మనమూ మరొక దారిలో చేరుకొంటాం. ఆమె పేరు పక్కన తక్కిన నలుగురినీ, వెనుక ఊరినీ నిలిపి చదవడమే ఆ చరిత్రకు న్యాయం. మందస పల్లెల మౌఖిక కథనాలను సేకరించే సాహిత్య పరిశోధకులు ముందుగా చేయవలసిన పని ఇదే.