దేశంలో దేశం, దాని లోపల మళ్లీ దేశం

దహలా ఖాగ్రాబారీ రెండెకరాలు కూడా లేని జనపనార చేను. అక్కడ ఇల్లూ లేదు, వాకిలీ లేదు. అయినా 2015 దాకా ప్రపంచ పటం మొత్తంలో దానికి సాటి లేదు. అప్పట్లో ఆ చేను భారతదేశానిది. దాని చుట్టూ ఉన్న ఊరు బంగ్లాదేశ్‌ది. ఆ ఊరి చుట్టూ ఉన్న నేల మళ్లీ మనది. దాన్ని కూడా చుట్టుకుని ఉన్నది బంగ్లాదేశ్. చేను సొంతదారు మాత్రం పక్కనున్న బంగ్లాదేశ్ ఊరి రైతే. నాగలి భుజాన వేసుకుని చేలోకి అడుగు పెడితే చాలు, ఆయన విదేశానికి వెళ్లినట్టే.

ఇలాంటి ముక్కలను అక్కడివాళ్లు ఛిట్‌మహల్ అంటారు. బంగ్లాదేశ్ లోపల మనవి 111 ఉండేవి, వాటి విస్తీర్ణం 17,160 ఎకరాలు. పశ్చిమ బెంగాల్‌లోని కూచ్ బిహార్ వైపు బంగ్లాదేశ్‌వి 51, అవి 7,110 ఎకరాలు.

ఇవెలా పుట్టాయంటే ఆ ప్రాంతంలో ఒక కథ చెబుతారు. కూచ్ బిహార్ రాజు, రంగ్‌పూర్ ఫౌజ్‌దారు చదరంగం ఆడుతూ ఊళ్లను పందెం ఒడ్డేవారట. వినడానికి బాగుంటుంది కానీ, అసలు సంగతి యుద్ధానిది. పదిహేడో శతాబ్దం చివర మొగలులు కూచ్ బిహార్ మీద దండెత్తి కొన్ని పరగణాలు పట్టుకున్నారు. 1711-13 మధ్య సంధి కుదిరింది. మొగలుల చేజిక్కిన ప్రాంతంలో కొందరు భూస్వాములు మాత్రం లొంగక, రాజుకే విధేయులుగా ఉండిపోయారు. అటు రాజ్యం లోపల కొంత భూమి మొగలు సైనికుల చేతుల్లో మిగిలింది. ఎవరి భూమి వారిదేనని సంధి ఒప్పుకుంది.

ఆ రోజుల్లో దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. శిస్తు ఎవరికి కట్టాలన్నదొక్కటే తేడా. సంతకు వెళ్లినా, పిల్లనిచ్చినా అడ్డుపడేవారు లేరు. ఇంగ్లీషువాళ్ల కాలంలోనూ అలాగే సాగింది.

చిక్కు 1947లో మొదలైంది. రాడ్‌క్లిఫ్ గీతతో రంగ్‌పూర్ పాకిస్తాన్‌కు వెళ్లింది. సంస్థానమైన కూచ్ బిహార్ 1949లో భారత్‌లో కలిసింది. రాజుగారి ముక్కలన్నీ మనవయ్యాయి, రంగ్‌పూర్‌వి పాకిస్తాన్‌వయ్యాయి. 1952లో పాస్‌పోర్టు, వీసా తప్పనిసరి కావడంతో ఉచ్చు బిగిసింది. వీసా కావాలంటే సొంత దేశంలోని పట్నానికి వెళ్లాలి. అక్కడికి చేరాలంటే ముందు వీసా లేకుండా పరాయి దేశం దాటాలి. బడి, ఆసుపత్రి, పోలీసు, ఓటు ఏవీ లేవు. కరెంటు తీగలు పక్కనుంచే పోయినా ఇళ్లలో దీపం వెలగలేదు. బిడ్డను బడిలో వేయాలంటే పక్క ఊరివాణ్ణి తండ్రిగా రాయించాలి. కాన్పుకు వెళ్లిన ఆడమనిషి పరాయివాడి పేరు భర్తగా చెప్పాలి.

ముక్కలు మార్చుకుందామని 1958లో నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూన్ ఒప్పందం చేసుకున్నారు. అది నెరవేరలేదు. బంగ్లాదేశ్ ఏర్పడ్డాక 1974లో ఇందిరాగాంధీ, ముజిబుర్ రహ్మాన్ మళ్లీ సంతకాలు చేశారు. భూమి అప్పగించాలంటే మన రాజ్యాంగాన్ని సవరించాలి. మార్పిడిలో మనకు పదివేల ఎకరాలు ఎక్కువ పోతాయన్న అభ్యంతరంతో అది ఏళ్ల తరబడి ఆగింది. నూరో సవరణగా పార్లమెంటు దాన్ని ఆమోదించేసరికి 2015 మే నెల వచ్చింది. అప్పటికి నలభై ఒక్క ఏళ్లు గడిచాయి.

ఆ ఏడాది జూలై 31 అర్ధరాత్రి నేల చేతులు మారింది. 68 ఏళ్ల నిరీక్షణకు గుర్తుగా జనం 68 కొవ్వొత్తులు వెలిగించారు. ఏ దేశం కావాలో ఎంచుకునే హక్కు ప్రతి ఒక్కరికీ ఇచ్చారు. అటువైపు నుంచి వెయ్యిమందికి కాస్త తక్కువగా భారత్‌కు వచ్చారు. ఇటువైపు నుంచి ఒక్కరూ వెళ్లలేదు. తక్కినవాళ్లు ఉన్నచోటే ఉండి కొత్త పౌరసత్వం తీసుకున్నారు. మార్పిడిలో చేరకుండా మిగిలింది దహగ్రామ్-అంగర్‌పోతా అనే బంగ్లాదేశ్ ముక్క ఒక్కటే. 178 మీటర్ల పొడవు, 85 మీటర్ల వెడల్పున్న తీన్ బిఘా దారి దాన్ని బంగ్లాదేశ్‌తో కలుపుతుంది. 1992లో పగటిపూట కొన్ని గంటలకే తెరిచిన ఆ దారి 2011 నుంచి రాత్రింబగళ్లూ తెరిచే ఉంటోంది.

రెండు దేశాలూ కలిసి ఈ ముక్కల్లోని జనాన్ని లెక్కించినది 2011లో. తేలినవాళ్లు యాభై వేలకు పైమాటే. అన్నాళ్లూ బేరమంతా ఎకరాల మీదే నడిచింది. ముందే మనుషుల్ని లెక్కపెట్టి ఉంటే, ఒక తరం పిల్లలు సొంత తండ్రి పేరుతోనే బడిలో చేరేవాళ్లు.