కురువిందము ప్రయాణము

మన ఇండ్లలో కత్తిపీట మొద్దుబారినప్పుడు జరుగు పని అందరును చూచినదే. ఇల్లాలు దానిని పెరటి గుమ్మము వద్దకు కొనిపోయి, నల్లరాతి మెట్టుపై నాలుగుసార్లు రాచి తెచ్చును. అంతవరకు నలిగి చితికిపోయిన టమాటా ఇప్పుడు చక్కగా తెగును. ఇందొక వింత కలదు. మెట్టునకు వాదర లేదు. తనకు లేని వాదరను అది కత్తి కెట్లు ఇచ్చినది?

మెట్టు రాతిని భూతద్దముతో చూచినచో సమాధానము కొంత దొరకును. అందు గాజువలె మెరయు పలుగురాయి రేణువులు పొదిగి యుండును. ఒక్కొక్క రేణువును ఒక్కొక్క చిన్న ఉలి యనుకొనవచ్చును. కత్తి దానిపై జారినప్పుడు ఉక్కునుండి కంటికి కనబడనంత సన్నని తునక లేచిపోవును. ఇట్టి గీతలు వేలకొలది పడి, అంచునకు రెండువైపుల నున్న లోహము తరిగిపోయి, ఆ రెండు తలములును సన్నని రేఖలో కలిసికొనును. ఆ రేఖయే వాదర. కావున పదును పెట్టునది రాయి కాదు, రాతిలోని రేణువు. రాయి దానిని పట్టుకొని యుండు పిడి మాత్రమే. సానరాళ్ళ చరిత్ర యంతయు, మానవుడు అంతకంతకు కఠినమైన రేణువును వెదకికొనుచు పోయిన చరిత్రయే.

ఈ చరిత్ర లోహముకంటె ప్రాచీనమైనది. బళ్ళారి సమీపమున సంగనకల్లు, కుప్గల్ కొండలపై సుమారు 4,000 సంవత్సరముల క్రిందట నవీన శిలాయుగపు ప్రజలు డోలరైటు అను నల్లని రాతితో గొడ్డళ్ళు చేసికొనిరి. గొడ్డలిని మొదట చెక్కి, పిమ్మట గ్రానైటు బండపై నీరును ఇసుకయు వేసి అరగదీసిరి. అట్లు రాచిన చోట్ల బండలలో పడిన పొడవైన గాళ్ళు నేటికిని కానవచ్చును. ఆ గాడిలో వ్రేలుంచి చూచువాడు, మన పెరటి మెట్టుమీది అరుగుదలకు ముత్తాతను చూచినట్లే.

ఏ రేణువు దేనిని గీయగలదు? ఈ విషయమునకు 1812లో ఫ్రెడరిక్ మోస్ అను జర్మను ఖనిజశాస్త్రజ్ఞుడు ఒక కొలమానము నేర్పరచెను. బలపపురాయికి 1, వజ్రమునకు 10. పెద్ద అంకె గలది చిన్న అంకె గలదానిని గీయును. పలుగురాయి అంకె 7. వంటయింటి కత్తుల ఉక్కు సుమారు 5½ మొదలు 6½ వరకు నుండును. ఈ తేడా స్వల్పమే. అందువలననే ఇసుకరాయిపై నూరుటకు చాలసేపు పట్టును, రాయియు త్వరగా అరిగి నడుమ గుంటపడును.

శ్రమ తగ్గించుటకు మొదట మార్చినది రేణువును కాదు, కదలికను. రాతిని చక్రముగా చెక్కి త్రిప్పినచో చేయి ముందుకు వెనుకకు పోనక్కరలేదు. 9వ శతాబ్దపు పూర్వార్ధమున ఫ్రాన్సునందలి రీమ్స్ ప్రాంతమున వ్రాయబడిన ఒక కీర్తనల గ్రంథము నేడు హాలెండులోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నున్నది. అందొక బొమ్మలో పుణ్యాత్ములు చేతిపిడి గల చక్రపు సానపై ఖడ్గమునకు పదును పెట్టుచుండగా, దుష్టులు పాతపద్ధతిని చేతిరాతిపై నూరుకొనుచుందురు. క్రొత్త యంత్రమును చిత్రకారుడు దేవుని పక్షముననే నిలిపెనని యంత్రచరిత్రకారుడైన లిన్ వైట్ చమత్కరించెను. ఐరోపాలో చక్రపు సానకు మనకు దొరకిన తొలి చిత్రము ఇదియే.

ఆ యంత్రమే వేయి సంవత్సరముల తరువాత ఇంగ్లండునందలి షెఫీల్డు పట్టణమున మృత్యుయంత్రమాయెను. ప్రపంచమునకంతకు కత్తులు, ముళ్ళచెంచాలు, క్షౌరపుకత్తులు ఆ పట్టణమే పంపుచుండెను. వానిని నూరుటకు పెద్ద పెద్ద ఇసుకరాతి చక్రములను మొదట నీటి శక్తితోను, తరువాత ఆవిరి శక్తితోను త్రిప్పుచుండిరి. కార్మికుడు చక్రము ముందొక బల్లపై కూర్చుండి దానిమీదికి వంగి పని చేయును. కత్తులను తడిచక్రముపైనను, ముళ్ళచెంచాలను పొడిచక్రముపైనను నూరుట ఆచారము. పొడిచక్రమునుండి లేచు దుమ్ములో ఉక్కుపొడి కొంత, పలుగురాయి పొడి మిక్కుటము. ఆ పొడి ఊపిరితిత్తులలో చేరినచో మరల రాదు. అచ్చటి కణజాలము గట్టిపడి, శ్వాస కురచయై, మనిషి నడివయస్సు రాకమునుపే కూలిపోవును. దీనినే నేడు సిలికోసిస్ అందుము. అప్పటి వారు నూరువారి ఉబ్బసమనిరి.

షెఫీల్డు వైద్యుడు ఆర్నాల్డ్ నైట్ 1830 ప్రాంతమున ఈ వ్యాధిని గూర్చి వ్రాసెను. 1845లో వెలువడిన తన గ్రంథమున ఎంగెల్స్ ఆయన లెక్కలనే చూపెను: పొడిచక్రముపై పనిచేయువారి సగటు ఆయువు 35 సంవత్సరములు కూడ దాటుట కష్టము, తడిచక్రము వారికి 45 మించుట అరుదు. ఈ రెండు అంకెల నడుమ నున్న పది సంవత్సరములును కేవలము నీటి చలువ! దుమ్మును పీల్చివేయు గాలిమర నొకదానిని పెట్టి చూచిరి కాని కొందరు కార్మికులే దానిని విరుగగొట్టిరనియు ఎంగెల్స్ వ్రాసెను. చావులు తగ్గినచో పనివారు పెరుగుదురు, కూలి పడిపోవునని వారి భయము. దీనిని అజ్ఞానమని కొట్టివేయుట సులభము. కాని ఆయువును కూలియు ఒకే త్రాసులో తూచుకొనవలసిన స్థితికి వారిని తెచ్చినదెవరో కూడ మనము అడుగవలెను.

ఇసుకరాతిని వదలిననే గాని ఈ ఆపద తొలగదు. వదలుటకు మరియొక కఠినమైన రేణువు కావలెను. అది యెప్పటినుండియో మన దేశమున నున్నది.

దాని పేరు కురువిందము. మోస్ కొలమానమున దాని అంకె 9; వజ్రము తరువాత దానిదే స్థానము. రసాయనికముగా అది అల్యూమినియం ఆక్సైడు. స్వచ్ఛమై, రవంత క్రోమియము కలసి ఎఱ్ఱనైనచో కెంపు. ఇనుము, టైటానియము కలసి నీలమైనచో నీలమణి. మసకబారిన గోధుమరంగు ముద్దయైనచో సానపొడి. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో పద్మరాగము జనించు మూడు మూలములలో కురువిందము నొకటిగా చెప్పెను. కెంపునకును కురువిందమునకును గల చుట్టరికమును మన రత్నపరీక్షకులు అంత ముందుగానే గుర్తించిరన్నమాట. ఈ ఖనిజము సేలము, మైసూరు ప్రాంతములలోను, మన అనంతపురము, ఖమ్మము జిల్లాలలోను దొరకును.

మన సానపట్టువారు దీనిని దంచి, జల్లించి, కరిగించిన లక్కతో కలిపి చక్రముగా పోత పోయుచుండిరి. లక్క చల్లబడినంత గట్టి చక్రమగును. దానిని పట్టీతో అటునిటు త్రిప్పుచు రత్నములకును ఆయుధములకును సాన పట్టిరి. ఇది చిన్న విషయము కాదు. ప్రకృతి యిచ్చిన రాతిని ఉన్నదున్నట్లు వాడుకొనుట వేరు. కోరిన రేణువును కోరిన పరిమాణమున తీసి, కోరిన బంధకముతో అంటించుట వేరు. నేటి కర్మాగారముల సానచక్రములన్నియు ఈ రెండవ పద్ధతివే; లక్కకు బదులు కాల్చిన మట్టియో, రెజినో ఉండును, అంతియే.

18వ శతాబ్దాంతమున ఈ రాయి లండనుకు చేరెను. ఆసియానుండి వచ్చిన కొరండము రాయిని గూర్చి ఛార్లెస్ గ్రెవిల్ 1798లో రాయల్ సొసైటీ పత్రికలో దీర్ఘమైన వ్యాసము ప్రకటించెను. కొరండము అను ఆంగ్లపదమునకు మూలముగా నిఘంటుకారులు తమిళ ‘కురుందము’ను, తెలుగు ‘కురువిందము’ను చూపుదురు. రాయితో పాటు మాటయు ఓడ యెక్కినది.

ఆ మాట అచ్చటితో ఆగలేదు. అమెరికాలో ఎడ్వర్డ్ ఆచెసన్ అనునతడు, ఒకప్పుడు ఎడిసన్ వద్ద పనిచేసినవాడు, 1891లో పెన్సిల్వేనియా రాష్ట్రమున కృత్రిమ వజ్రముకొరకు ప్రయత్నించుచుండెను. ఇనుప గిన్నెలో బంకమట్టిని, కోకు బొగ్గుపొడిని కలిపి, నడుమ కర్బనపు కడ్డీ దించి, ప్రబలమైన విద్యుత్తు పంపెను. చల్లారిన పిదప కడ్డీ కొనను మిలమిలలాడు చిన్న స్ఫటికములు కొన్ని కనబడెను. ఒకదానిని పెన్సిలు కొనకు అంటించి గాజుపై గీయగా గాజు తెగెను! మట్టిలోని అల్యూమినియముతో, అనగా కొరండముతో, కర్బనము కలిసినదని తలచి ఆయన దానికి ‘కార్బొరండం’ అని పేరు పెట్టెను. ఊహ తప్పు. అది సిలికానును కర్బనమును కలిసిన సిలికాన్ కార్బైడు. అందు కొరండము లేనే లేదు. కాని పేరు నిలిచిపోయినది. తప్పుడు ఊహ వలననే మన కురువిందములోని సగము మాట అమెరికా సరకుపై ముద్ర పడినది. 1893లో ఆచెసన్ పేటెంటు పొందెను. చవక విద్యుత్తుకై 1895లో కర్మాగారమును నయాగరా జలపాతము వద్దకు మార్చెను. కొలదికాలమునకే బాక్సైటును విద్యుత్ కొలిమిలో కరిగించి కృత్రిమ కురువిందమునే చేయ నేర్చిరి.

ఈ రెండు రేణువులలోను పలుగురాయి పొడి లేదు. 20వ శతాబ్దమున ఇసుకరాతి చక్రముల స్థానమున ఇవి వచ్చిన తరువాతనే నూరువారిలో సిలికోసిస్ బాగుగా తగ్గినది. వజ్రము కావలెనన్న కోరికనుండి పుట్టిన పొడి వజ్రముకంటె విలువైన పనియే చేసినది. 1954లో మురుగప్ప వర్గము అమెరికను, బ్రిటిషు సంస్థలతో కలిసి మద్రాసులో కార్బొరండం యూనివర్సల్ సంస్థను స్థాపించినప్పుడు, దక్షిణాదినుండి వెడలిన మాట వేషము మార్చుకొని దక్షిణాదికే తిరిగి వచ్చినట్లయినది.

ఇక మన ఇంటి కత్తి. ఇనుప సామానుల కొట్టులో దొరకు బూడిదరంగు సానరాయి సాధారణముగా సిలికాన్ కార్బైడే. ఒక ప్రక్క గరుకు, మరియొక ప్రక్క నునుపు ఉండునది కొనుట మేలు. పై అంకె, రేణువును జల్లించిన జల్లెడకు అంగుళము పొడవున ఉండు కన్నుల సంఖ్యనుండి వచ్చినది. అది పెరిగిన కొలది రేణువు చిన్నదగును. 120 కొడవలికి, గొడ్డలికి. వంటకత్తికి 400 మొదలు 1000 వరకు చాలును. ఆంగ్లమందలి ‘వి’ అక్షరమువలె రెండు రేకులు అమర్చి, నడుమ కత్తిని లాగు పరికరము నేడు విరివిగా అమ్ముచున్నారు. రేకులు టంగ్‌స్టన్ కార్బైడువైనచో అవి నూరవు, లోహమును గోకివేయును. తొందర పనికి బాగుగనే యుండును కాని, కత్తి త్వరగా తరిగిపోవును. కసాయివాడు వాడు నున్నని ఉక్కుకడ్డీ పని వేరు. అది వంగిన అంచును నిలబెట్టునే కాని, అరిగిపోయిన అంచును తిరిగి తేలేదు.

రాతిని పది నిమిషములు, బుడగలు ఆగువరకు, నీటిలో నానబెట్టుడు. తడిబట్టపై కదలకుండ పెట్టుడు. కత్తి వీపును రాతినుండి కొంచెము ఎత్తవలెను. ఎంత? రాతికిని కత్తికిని 20 డిగ్రీలు చాలును. త్రికోణమితి చదువు విద్యార్థులు 20 డిగ్రీల సైను విలువ సుమారు 0.34 అని యెరుగుదురు. అనగా కత్తి వెడల్పులో మూడవవంతు ఎత్తవలెను. వెడల్పు 4½ సెంటీమీటర్లైనచో ఎత్తు 1½. ఆ ఎత్తు మారకుండ మడమనుండి మొనవరకు నూరుడు. అవతలి ప్రక్క అంచు పొడుగునను సన్నని పొర లేచి వ్రేలికి గరుకుగా తగిలినప్పుడు, కత్తి త్రిప్పి రెండవ ప్రక్క నూరుడు. (వ్రేలిని అంచు వెంబడి జరుపరాదు, అడ్డముగా, బయటివైపునకు తాకి చూడవలెను.) పిమ్మట నునుపు ప్రక్కపై ఆ పొర పోవువరకు తేలికగా రాచిన చాలును.

కత్తిపీటకు ఈ పద్ధతి చెల్లదు, రేకు బల్లకు బిగించి యుండును గనుక. అచ్చట రాతినే చేత పట్టుకొని, బల్లను కాలితో అదిమి, రాతిని అంచునకు అవతలివైపునకు మాత్రమే జరుపవలెను.

వీధిలో సైకిలు త్రొక్కుచు సానపట్టువానికి కత్తి నిచ్చుటలోను తప్పు లేదు. కాని అతని చక్రము పొడిది, వడి యెక్కువ. నిప్పురవ్వలు పిల్లలకు వేడుక. పలుచని అంచు కాగి నీలిరంగు తిరిగినచో ఉక్కు తన నీరు కోల్పోయి మెత్తబడినదన్నమాట, అట్టి కత్తి మరునాడే మొద్దుబారును. మధ్య మధ్య నీటిలో ముంచుమని అడిగినచో ముంచును. చక్రము ప్రక్కన రేకుడబ్బాలో నీరు అతని వద్ద ఉండనే యుండును.