ట్రయాథ్లాన్: ఈత.. సైకిల్.. పరుగు! మొదటిసారి ట్రై చేస్తున్నారా? అసలు గండం నీళ్లలోనే.. ముందు ఇవి తెలుసుకోండి

ఖరీదైన సైకిల్ కొంటే ట్రయాథ్లాన్‌కి సగం రెడీ అయినట్టే అనుకుంటారు చాలామంది. కానీ మొదలుపెట్టాల్సింది స్విమ్మింగ్ పూల్ దగ్గర. ఏ దూరం ఎంచుకోవాలి? వారానికి ఎన్ని గంటలు కావాలి? ఎక్కడ జాగ్రత్త పడాలి? పూర్తి వివరాలు ఇవే..

ఈత కొట్టాలి.. ఒళ్లు తడి ఆరకముందే సైకిలెక్కాలి.. దిగీ దిగగానే పరుగందుకోవాలి. మధ్యలో గడియారం ఆగదు. ఇదే ట్రయాథ్లాన్. 2024 అక్టోబర్‌లో గోవాలో జరిగిన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీని బెంగళూరు సౌత్ ఎంపీ తేజస్వీ సూర్య పూర్తి చేశారు. 'వైల్డ్ డాగ్' సినిమాతో తెలుగు ప్రేక్షకులకు పరిచయమున్న నటి సయామీ ఖేర్ కూడా అదే ఏడాది జర్మనీలో ఇలాంటి రేసునే ముగించారు. నటుడు మిలింద్ సోమన్ అయితే 2015లో, 50 ఏళ్ల వయసు దగ్గర, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో పూర్తి ఐరన్‌మ్యాన్ కొట్టేశారు. ఇవన్నీ చూసి "మనమూ ఓసారి ట్రై చేద్దాం" అనుకునేవారు ఉంటారు. చేయొచ్చు. కాకపోతే దేనితో మొదలుపెడుతున్నామన్నదే ముఖ్యం.

ట్రయాథ్లాన్ అంటే ఐరన్‌మ్యాన్ ఒక్కటే కాదు

ఈ ఆట మరీ పాతదేం కాదు. 1974 సెప్టెంబర్ 25న అమెరికాలోని శాన్ డియాగోలో 46 మందితో మొదటి పోటీ జరిగింది. 1978లో హవాయిలో మొదటి ఐరన్‌మ్యాన్ పెడితే 15 మంది బరిలోకి దిగారు, 12 మంది పూర్తి చేశారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌తో ట్రయాథ్లాన్ ఒలింపిక్ క్రీడ అయింది.

ఇందులో దూరాలు రకరకాలు:

స్ప్రింట్: 750 మీటర్ల ఈత, 20 కి.మీ. సైకిల్, 5 కి.మీ. పరుగు

ఒలింపిక్: 1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైకిల్, 10 కి.మీ. పరుగు

ఐరన్‌మ్యాన్ 70.3: 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు. మొత్తం దూరం మైళ్లలో 70.3 కాబట్టి ఆ పేరు.

ఐరన్‌మ్యాన్: సుమారు 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైకిల్, 42.2 కి.మీ. పరుగు

కొత్తవాళ్లకు స్ప్రింట్ సరిగ్గా సరిపోతుంది. ప్రాక్టీస్ చేసిన మామూలు మనిషి గంటన్నర నుంచి రెండు గంటల్లో ముగించేస్తారు. కొన్ని చోట్ల ఇంతకంటే చిన్న రేసులు కూడా పెడతారు. మొదటి ప్రయత్నానికి అవీ మంచివే.

135 కేసులు.. అందులో 90 నీళ్లలోనే!

సైకిల్ మీద నుంచి పడతామనో, పరుగులో కాళ్లు పట్టేస్తాయనో భయపడతారు గానీ, లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయాథ్లాన్ పోటీల్లో జరిగిన మరణాలు, గుండె ఆగిపోయిన ఘటనలపై పరిశోధకులు చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. మొత్తం 135 కేసులు. వాటిలో 90 ఈత దశలోనే జరిగాయి. బాధితుల సగటు వయసు దాదాపు 47 ఏళ్లు. 85 శాతం మంది మగవాళ్లే. శవపరీక్ష వివరాలు దొరికిన 61 మందిలో 27 మందికి అంతకుముందే గుండె, రక్తనాళాల సమస్యలున్నట్టు తేలింది.

అయితే భయపడి మానుకోవాల్సిన పనిలేదు. ఆ లెక్క ప్రకారం ప్రతి లక్ష మంది పోటీదారులకు ఇలాంటి ఘటనలు రెండు కూడా లేవు. కానీ ఎక్కడ జాగ్రత్త పడాలో మాత్రం ఇది స్పష్టంగా చెబుతోంది. సైకిల్ మీద ఆయాసం వస్తే ఆగొచ్చు. పరుగులో అలిసిపోతే నడవొచ్చు. నీళ్లలో ఆ వెసులుబాటు తక్కువ. సాయం అందడానికి కూడా టైం పడుతుంది.

అందుకే మొదటి పని డాక్టర్‌ను కలవడం. 40 దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చినవాళ్లు ఇది అస్సలు వాయిదా వేయకూడదు. మెట్లెక్కినా, పరుగెత్తినా గుండెల్లో పట్టేసినట్టు ఉన్నా, కళ్లు తిరిగినా ప్రాక్టీస్ ఆపేసి వెంటనే చూపించుకోవాలి.

ముందు ఈత.. ఆ తర్వాతే మిగతావి

ఊళ్లో బావిలోనో, కాలువలోనో ఈత నేర్చుకున్నవాళ్లకు తల పైకెత్తి ఈదడం అలవాటు. కాసేపు సరదాగా ఈదడానికి ఓకే. కానీ తల పైకి లేస్తే కాళ్లు కిందికి దిగుతాయి. దాంతో ఒంట్లో శక్తంతా మునిగిపోకుండా ఉండటానికే ఖర్చవుతుంది. 750 మీటర్లు అలా లాగడం కష్టం.

ఫ్రీస్టైల్‌లో ముఖం నీళ్లలో ఉంచాలి, ఊపిరి కోసం పక్కకు తిరగాలి. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు నీళ్లలో ఊపిరి బిగబట్టడం. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ గాలిని మెల్లగా బుడగలుగా వదిలేయాలి. అప్పుడే పక్కకు తిరిగినప్పుడు కొత్త గాలి లోపలికి వెళ్తుంది. ఈ ఒక్కటి కుదిరితే ఆయాసం చాలావరకు తగ్గిపోతుంది. దీనికి వీడియోలు చూస్తే చాలదు. పక్కన నిలబడి తప్పు చెప్పే కోచ్ కావాలి.

25 మీటర్ల పూల్‌లో 750 మీటర్లంటే 30 సార్లు ఈ చివర నుంచి ఆ చివరకు. మొదట 25 మీటర్లు ఈది, ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ ఈదాలి. ఇలా 8 సార్లతో మొదలుపెట్టి, తర్వాత 50, 100, 200 మీటర్లు ఆగకుండా ఈదేలా పెంచుకుంటూ పోవాలి. అసలు ఈతే రానివాళ్లు రేసు గురించి తర్వాత ఆలోచించొచ్చు. ముందు రెండు మూడు నెలలు ఈతకే కేటాయించాలి.

పూల్ వేరు, చెరువు వేరు

పూల్‌లో అడుగున గీత కనిపిస్తుంది, పట్టుకోవడానికి గోడ ఉంటుంది. చెరువులోనో, సముద్రంలోనో ఆ రెండూ ఉండవు. పక్కవాళ్ల చేతులు, కాళ్లు తగులుతుంటాయి. బాగా ఈదేవాళ్లు కూడా మొదటిసారి ఇక్కడే కంగారుపడతారు. కాబట్టి రేసుకు ముందే రెండు మూడుసార్లైనా బయటి నీళ్లలో ప్రాక్టీస్ ఉండాలి. ఒంటరిగా మాత్రం వద్దు. రిజర్వాయర్లు, సాగునీటి కాలువలు, లైఫ్‌గార్డ్ లేని బీచ్‌లు ప్రాక్టీస్ చేసే చోట్లు కావు. విశాఖ ఆర్కే బీచ్‌లో అలలు మనుషుల్ని లాక్కెళ్లిన ఘటనలు తెలిసినవే. లైఫ్‌గార్డులు, పడవ ఉన్న ట్రైనింగ్ సెషన్లకే వెళ్లాలి. దూరానికి కనిపించే రంగు టోపీ పెట్టుకోవాలి.

నీళ్లలో కంగారు పుడితే వెల్లకిలా తిరిగి తేలాలి. నిదానంగా ఊపిరి వదలాలి. చెయ్యి పైకెత్తి పిలవాలి. రేసులో పడవనో, బోయానో పట్టుకుని ఆగొచ్చు. దాన్ని పట్టుకుని ముందుకు కదలనంతవరకు నిబంధనలు ఒప్పుకుంటాయి. ఏ స్టైల్‌లో ఈదినా అభ్యంతరం లేదు.

సైకిల్: కొత్తది అక్కర్లేదు

మొదటి స్ప్రింట్‌కు లక్షలు పెట్టి రేసింగ్ సైకిల్ కొనక్కర్లేదు. బ్రేకులు, గేర్లు బాగా పనిచేసే హైబ్రిడ్ సైకిలైనా, ఇంట్లో ఉన్న గేర్ సైకిలైనా చాలు. సీటు ఎత్తు మాత్రం సరిచూసుకోవాలి. పెడల్ అడుగుకు వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. లేదంటే మోకాళ్ల నొప్పులు తప్పవు. హెల్మెట్ తప్పనిసరి. పంక్చర్ వేయడం, ఒంటి చేత్తో సైకిల్ నడుపుతూ నీళ్లు తాగడం ముందే అలవాటు చేసుకోవాలి.

ట్రాఫిక్‌లో ప్రాక్టీస్ ప్రమాదం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో ప్రారంభమైన 23 కి.మీ. సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ ఉంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వరకు ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు వరకు ఇంకో భాగం. అలాంటి ట్రాక్ లేని ఊళ్లలో తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకోవాలి. వెనక రెడ్ లైట్ వెలగాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉండకూడదు.

పరుగు.. ఆపై 'బ్రిక్'

పరుగు అలవాటు లేనివాళ్లు రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చొప్పున 20 నిమిషాలతో మొదలుపెట్టాలి. పక్కనున్నవాళ్లతో మాట్లాడగలిగినంత వేగం చాలు. మాట తెగిపోతోందంటే స్పీడ్ ఎక్కువైనట్టే.

సైకిల్ దిగిన వెంటనే పరుగెత్తితే కాళ్లు బరువుగా, మనవి కానట్టుగా ఉంటాయి. ఇది అందరికీ ఉండేదే. దీన్ని అలవాటు చేసుకోవడానికి సైకిల్ తొక్కిన వెంటనే 10 నిమిషాలు పరుగెత్తుతారు. ఈ జంట వ్యాయామాన్నే 'బ్రిక్' అంటారు. వారానికి ఒకసారి చాలు.

వారం ఎలా ఉండాలి?

పూల్‌లో కొంత ఈదగలిగి, అరగంట చురుగ్గా నడవగలిగినవాళ్లకు స్ప్రింట్ కోసం 12 వారాలు పడుతుంది. వారానికి 4 నుంచి 5 గంటలు కేటాయిస్తే చాలు.

సోమవారం: విశ్రాంతి

మంగళవారం: ఈత, 40 నిమిషాలు

బుధవారం: పరుగు, 30 నిమిషాలు

గురువారం: ఈత, 40 నిమిషాలు

శుక్రవారం: సైకిల్, 40 నిమిషాలు

శనివారం: పరుగు, 30 నిమిషాలు

ఆదివారం: సైకిల్ గంట, వెంటనే 10 నిమిషాల పరుగు

మూడు వారాలు కొద్దికొద్దిగా పెంచి, నాలుగో వారం తగ్గించాలి. ఒక రోజు కుదరకపోతే దాన్ని మర్నాటికి కలిపి రెట్టింపు చేయొద్దు. వదిలేయడమే మేలు. చివరి వారం ప్రాక్టీస్ సగానికి తగ్గించి, ఒంటికి రెస్ట్ ఇవ్వాలి.

ఎండతో ఆటలొద్దు

తెలుగు రాష్ట్రాల్లో మార్చి నుంచి జూన్ దాకా తెల్లవారుజామునే ప్రాక్టీస్ ముగించాలి. ఎండకు ఒళ్లు అలవాటుపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. దాహాన్ని బట్టి నీళ్లు తాగాలి. మరీ ఎక్కువ తాగినా రక్తంలో సోడియం పడిపోయి ప్రమాదం. గంట దాటిన వ్యాయామానికి ఓఆర్‌ఎస్ గానీ, ఆ తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ గానీ పనికొస్తాయి. రేసు రోజు పొద్దున ఎప్పుడూ తినే తిండే.. రెండు ఇడ్లీలో, అరటిపండో. ఆ రోజు కొత్త ప్రయోగాలు వద్దు.

మనిషి తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, వాంతులవుతున్నా అది వడదెబ్బ కావొచ్చు. చెమట పడుతోంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. నీడకు చేర్చి, ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ 108కు ఫోన్ చేయాలి.

రేసు రోజు గుర్తుంచుకోవాల్సినవి

ఈత నుంచి సైకిల్‌కు, సైకిల్ నుంచి పరుగుకు మారే చోటును ట్రాన్సిషన్ అంటారు. అక్కడ టవల్, షూ, హెల్మెట్, నంబర్ వరసగా పెట్టుకోవాలి. హెల్మెట్ బకిల్ పెట్టుకున్నాకే స్టాండ్ మీది సైకిల్ ముట్టుకోవాలి. లేదంటే పెనాల్టీ పడుతుంది. ముందున్న సైకిల్‌ను అంటిపెట్టుకుని వెళ్లడం కూడా చాలా రేసుల్లో కొత్తవాళ్లకు నిషేధం.

ఈత మొదలయ్యేటప్పుడు ముందు వరసలో నిలబడొద్దు. గుంపు వెళ్లనిచ్చి, పక్కగా, చివర్లో దిగితే తోపులాట ఉండదు. మహా అయితే ఒకటి రెండు నిమిషాలు పోతాయి. మొదటి 100 మీటర్లు కావాలనే మెల్లగా ఈదాలి. గుండెల్లో నొప్పి, మామూలుగా లేని ఆయాసం అనిపిస్తే చెయ్యెత్తి పడవ ఎక్కేయాలి. ఎంట్రీ ఫీజు పోయినా ఫరవాలేదు, రేసు వచ్చే ఏడాది కూడా ఉంటుంది.

గమనిక: ఇవి సాధారణ అవగాహన కోసం ఇచ్చిన వివరాలు. ఆరోగ్య సమస్యలున్నవాళ్లు డాక్టర్‌ను సంప్రదించాకే శిక్షణ మొదలుపెట్టాలి.